గుల్మార్గ్‌లో తెగిన లిగమెంట్, బెళ్లందూరులో కోలుకున్న మోకాలు: ఒక కేస్ స్టడీ

బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన నాకు ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. చుట్టూ ఐటీ కంపెనీలు, పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు. వచ్చేవాళ్ళలో సగం మంది మనవాళ్ళే. సంక్రాంతి సెలవులయ్యాక మా దగ్గరికి రెండు రకాల మోకాళ్ళు వస్తాయి. ఊళ్ళో పేకాట దగ్గర గంటలకొద్దీ కింద కూర్చుని పట్టేసినవి ఒకటి, మంచు కొండల్లో పడి వాచినవి రెండోది. ఈ రెండో రకం ఈమధ్య బాగా కనిపిస్తోంది. కాలేజీ బ్యాచ్ అంతా కలిసి గుల్మార్గో, ఔలీయో వెళ్ళడం, జీవితంలో మొదటిసారి స్కీలు (మంచు మీద జారే పొడుగాటి పలకలు) కట్టుకోవడం, తిరిగొచ్చాక ఎమ్మారై.

అలాంటి ఒక కేసును మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. పేషెంటు అనుమతి ఉంది, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఎంచుకోవడానికి కారణం ఒకటే. "కంప్లీట్ టేర్", అంటే పూర్తిగా తెగింది, అన్న రెండు మాటలు రిపోర్టులో కనపడగానే ఆపరేషన్ తేదీ వెతికే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఈ మోకాలికి ఆపరేషన్ జరగలేదు. అందరికీ అక్కర్లేదని నేను అనడం లేదు. ఈవిడ విషయంలో ఆ నిర్ణయం ఎలా తీసుకున్నామో చూపిస్తాను.

పేషెంటు

వయసు 36. సొంతూరు రాజమండ్రి దగ్గర. బెళ్లందూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, టెస్టింగ్ టీమ్ లీడ్. ఏడేళ్ళ బాబు. బరువు 61 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు. బీపీ, షుగర్ లేవు. పాత మోకాలి దెబ్బలు లేవు. వ్యాయామం ఏం చేస్తారంటే "రోజూ వాకింగ్ మేడమ్" అన్నారు. అపార్ట్‌మెంట్ చుట్టూ, ఫోన్‌లో మాట్లాడుతూ. మిగతా రోజంతా కుర్చీలోనే.

ఏం జరిగింది

భర్త ఇంజనీరింగ్ బ్యాచ్ వాళ్ళు, కుటుంబాలతో కలిసి జనవరిలో గుల్మార్గ్ వెళ్ళారు. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది, గుల్మార్గ్ సుమారు 2,650. పొద్దున విమానం, మధ్యాహ్నం శ్రీనగర్, తంగ్‌మర్గ్‌లో గొలుసులు వేసిన టైర్ల బండి మారి చీకటి పడేసరికి హోటల్. 2,500 మీటర్లు దాటితే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మామూలే. మొదటి రెండు రాత్రులు ఈవిడకి అదే పరిస్థితి. నిద్ర లేని కాళ్ళతోనే రెండు రోజులు గోల్ఫ్ కోర్సు పక్కనున్న చిన్న వాలు మీద నేర్చుకున్నారు.

మూడో రోజు బ్యాచ్ అంతా గొండోలా (కేబుల్ కారు) ఎక్కి మొదటి ఫేజ్ దాకా, అంటే కొంగ్‌డోరీకి వెళ్ళింది. అది 3,000 మీటర్ల పైన. అక్కడి నుంచి కిందికి వచ్చే దారి కొత్తవాళ్ళది కాదు. ఇన్‌స్ట్రక్టర్ వద్దనే అన్నాడట. "అందరం వెళ్తుంటే నువ్వొక్కదానివే కింద కూర్చుంటావా" అని స్నేహితులు బలవంతపెట్టారు. రెండుసార్లు పడుతూ లేస్తూ దిగారు. మూడోసారి, మధ్యాహ్నం మూడు దాటాక, దాదాపు కిందికి వచ్చేశాక పడ్డారు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఇలాంటి దెబ్బ అనగానే అందరూ స్పీడు గురించి అడుగుతారు. ఈవిడ స్పీడులో లేరు, నడక కంటే కొంచెం ఎక్కువ, అంతే. ముందు ఎవరో అడ్డం వస్తే భయపడి వెనక్కి వాలారు. పిరుదులు మోకాళ్ళ కంటే కిందికి దిగిపోయాయి. ఎడమ చెయ్యి వెనక మంచులోకి పోయింది. బరువంతా కుడి స్కీ తోక మీద, దాని లోపలి అంచు మీద పడింది. పై వైపున్న ఎడమ స్కీ గాల్లోకి తేలింది. పూర్తిగా పడిపోయి ఉంటే బహుశా ఏమీ అయ్యేది కాదు. జారుతూనే లేవబోయారు. ఆ క్షణంలో కుడి స్కీ లోపలికి తిరిగింది, పాదం దానితోపాటు వెళ్ళింది, తొడ ఉన్నచోటే ఉంది. లోపల "టప్" మని వినిపించిందట.

1990లలో అమెరికాలోని వెర్మాంట్ పరిశోధకులు స్కీయర్లు పడే వీడియోలు చూసి ఈ పద్ధతికి "ఫాంటమ్ ఫుట్" అని పేరు పెట్టారు. మడమ వెనక పొడుగ్గా ఉండే స్కీ తోక, వెనక్కి తిరిగిన ఇంకో పాదంలా పనిచేసి మోకాలిని మెలితిప్పుతుంది. స్కీ రిసార్టుల గస్తీ సిబ్బందికి ఈ ప్రమాదాన్ని గుర్తుపట్టడం నేర్పితే తీవ్రమైన మోకాలి గాయాలు 62 శాతం తగ్గాయని వాళ్ళు 1995లో ప్రచురించారు. నేర్పింది పెద్ద విద్యేం కాదు. చేతులు ముందుకు, స్కీలు దగ్గరగా. పడేటప్పుడు కాళ్ళు నిటారుగా చాచొద్దు. జారడం ఆగేదాకా లేవొద్దు.

ఇక బైండింగ్. బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు అది. కాలి మీద బలం మితిమీరితే దానంతటదే ఊడాలి. ఎంత బలానికి ఊడాలన్నది బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీయింగ్ అనుభవం చూసి లెక్కకట్టి పెట్టాలి. అద్దెకిచ్చిన కుర్రాడు ఈవిడ్ని చెప్పు సైజు తప్ప ఏమీ అడగలేదు. భర్త ఫోన్‌లో ఉన్న ఫోటోలు పెద్దవి చేసి చూస్తే ముందు బైండింగ్ మీద సూచిక 7 దగ్గర ఉంది. ఈ బరువుకి, ఈ అనుభవానికి చార్టు ప్రకారం నాలుగైదు మధ్యలో ఉండాలి. అంతకుముందు వాడినవాళ్ళ సెట్టింగే అలా ఉండిపోయి ఉంటుంది. అయితే సరిగ్గా పెట్టినా ఊడేదని గ్యారంటీ లేదు. మామూలు బైండింగులు తయారైంది ముఖ్యంగా కాలి ఎముకను కాపాడటానికి: బొటనవేలి వైపు మెలిక, మడమ వైపు ముందుకు వాలడం, ఈ రెండింటికే బాగా ఊడతాయి. వెనక్కి కూలబడుతూ తిరిగే బలం వాటికి సరిగ్గా అందదు.

స్లెడ్జ్ మీద హోటల్‌కి తెచ్చారు. రాత్రి ఎవరో ప్రేమగా కాంగ్రీ (కశ్మీరీ నిప్పుల కుంపటి) తెచ్చి మోకాలి పక్కన పెట్టారు, వెచ్చగా ఉంటుందని. కొత్త దెబ్బకి వేడి పెడితే వాపు పెరుగుతుంది. తెల్లారేసరికి మోకాలు కొబ్బరిబోండమంత అయింది. శ్రీనగర్‌లో ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు. అది సరైన పనే. నాలుగడుగులు వెయ్యలేకపోయినా, మోకాలు తొంభై డిగ్రీలు వంగకపోయినా ముందు ఎక్స్‌రే తియ్యాల్సిందే. కానీ "ఎముక బాగుంది" అన్న మాటను ఇంట్లోవాళ్ళు "ఏం కాలేదు" అని విన్నారు.

మా దగ్గరికి వచ్చినప్పుడు

దెబ్బ తగిలిన ఐదో రోజు, భర్త భుజం పట్టుకుని వచ్చారు. కుడి మోకాలు పూర్తిగా చాపలేకపోతున్నారు, 15 డిగ్రీలు తక్కువ. 85 దాటి వంగడం లేదు. చిప్ప మీద వేలు నొక్కితే కింద నీరు కదులుతోంది. నేను మొదట అడిగింది వాపు ఎప్పుడు వచ్చిందని. "గంటలోపే మేడమ్, ప్యాంటు బిగిసిపోయింది." ఇది విలువైన జవాబు. మర్నాటికి నెమ్మదిగా వచ్చే వాపు వేరు, గంటా రెండు గంటల్లో పొంగే వాపు వేరు. రెండోది సాధారణంగా కీలు లోపల రక్తం చేరడం వల్ల వస్తుంది. దానితోపాటు "టప్" శబ్దం కూడా ఉంటే ముందు అనుమానించాల్సింది ఏసీఎల్‌నే, అంటే మోకాలి కీలు మధ్యలో ఉండే లిగమెంట్‌నే.

లాక్‌మన్ పరీక్ష చేశాను. మోకాలు కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడ గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పిక్క ఎముకను ముందుకు లాగుతాం. బాగున్న కాలిలో కొంచెం కదిలి టక్కున ఆగుతుంది. ఈ కాలిలో ఆగలేదు, మెత్తగా ముందుకు వచ్చేసింది. మోకాలి లోపలి వైపు లిగమెంట్ (ఎంసీఎల్) దగ్గర నొప్పి, పక్కకి వంచితే కాస్త తెరుచుకుంటోంది, కానీ చివర్లో పట్టు తగులుతోంది. తొడ బిగించమంటే కండరంలో చిన్న వణుకు తప్ప ఏమీ లేదు. దెబ్బ తగిలిన మోకాలు తొడకి వెళ్ళే కరెంటు తానే కట్ చేసుకున్నట్టుంటుంది. పేషెంట్లు దీన్ని బలహీనత అనుకుంటారు గానీ, కండరం అక్కడే ఉంది, ఆజ్ఞే సరిగ్గా అందడం లేదు.

ఆర్థోపెడిక్ సర్జన్ దగ్గరికి పంపాను. ఎమ్మారైలో ఏసీఎల్ పూర్తిగా తెగింది, ఎంసీఎల్ రెండో గ్రేడు (అంటే కొంతమేర తెగింది), ఎముకలో కమిలిన మచ్చలు. రెండు మెనిస్కస్‌లూ, అంటే లోపలి కుషన్లు, చెక్కుచెదరలేదు. ఈ ఆఖరి ముక్కే తర్వాత నిర్ణయాన్ని మార్చింది.

ఆపరేషనా, పుత్తూరా, మరోటా

రిపోర్టు నా చేతికి రాకముందే బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తిరిగింది. డల్లాస్‌లో ఉన్న మరిది "వెంటనే సర్జరీ" అన్నాడు. రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మగారు "పుత్తూరు వెళ్ళి కట్టు కట్టిద్దాం, రాత్రికి వెళ్తే పొద్దున్నే తిరిగి రావచ్చు" అన్నారు. ఆవిడ అన్నయ్యకి చెయ్యి విరిగితే అక్కడే అతుక్కుందట. ఇలాంటి మాటను వెటకారం చేస్తే ఆ కుటుంబం మళ్ళీ మన మాట వినదు. నేను అమ్మగారికి బొమ్మ గీసి చూపించాను. విరిగిన ఎముకను కదలకుండా కడితే అతుక్కుంటుంది నిజమే, ఇక్కడ ఎముక విరగలేదు. తెగింది కీలు మధ్యలో ఉన్న తాడు. వారాలపాటు బిగించి కడితే ఇప్పటికే పట్టేసిన మోకాలు ఇంకా పట్టేస్తుంది. "అయితే కట్టు వద్దంటావా అమ్మా" అన్నారు. వద్దన్నాను. ఒప్పుకున్నారు, నమ్మకం కుదిరి కాదు, కూతురు ఒప్పుకుంది కాబట్టి.

సర్జన్, పేషెంటు, నేను కూర్చుని మాట్లాడుకున్నప్పుడు రెండు అధ్యయనాలు ముందుపెట్టుకున్నాం. 2010లో స్వీడన్‌లో 121 మంది యువకుల మీద చేసిన ట్రయల్‌లో కొందరికి వెంటనే ఆపరేషన్ చేశారు, కొందరికి ముందు వ్యాయామ చికిత్స ఇచ్చి అవసరమైతేనే ఆపరేషన్ అన్నారు. ఐదేళ్ళ తర్వాత చూసినా రెండు గుంపుల మోకాళ్ళ పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో గుంపులో సుమారు సగం మందికి ఆపరేషనే అవసరం పడలేదు. 2021లో నెదర్లాండ్స్ ట్రయల్, 167 మంది, వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ స్కోర్లు కొంచెం మెరుగని చూపింది, కానీ అక్కడా వ్యాయామంతో మొదలుపెట్టినవాళ్ళలో సగం మంది రెండేళ్ళ దాకా కత్తి జోలికి వెళ్ళలేదు.

ఫుట్‌బాల్, కబడ్డీ ఆడే ఇరవై ఏళ్ళ కుర్రాడైతే నేను ఇలా వాదించను. కుట్టాల్సిన మెనిస్కస్ చీలిక ఉన్నా, మోకాలు మాటిమాటికీ పట్టు తప్పుతున్నా వాదించను. ప్రతిసారి పట్టు తప్పినప్పుడూ కుషన్లు నలుగుతాయి. ఈవిడకి కావాల్సిందేమిటని అడిగాం. ఆఫీసు, బాబుతో పార్కు, మెట్లు, ఒక మొక్కు: అలిపిరి నుంచి కాలినడకన తిరుమల. స్కీయింగ్ ఊసే రాలేదు అప్పుడు. ఎలాగూ ఎంసీఎల్ మానడానికి ఆరు వారాలు బ్రేస్ (మోకాలు పక్కలకి వంగకుండా పట్టి ఉంచే పట్టీ) తప్పదు. మూడు నెలలు గట్టిగా పనిచేసి, పరీక్ష పెట్టి, అప్పుడు తేల్చుకుందామన్నాం.

ఇన్సూరెన్స్ గురించి ఒక మాట, అందరూ అడుగుతారు కాబట్టి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం హెల్త్ పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు వృత్తిగా వాటిలో పాల్గొనేవాళ్ళకి సంబంధించింది. సరదాకి వెళ్ళినవాళ్ళని అదే పేరుతో తిరస్కరిస్తే పాలసీ కాగితం తీసి ఆ వాక్యం చూపించండి.

చికిత్స

మొదటి నెలంతా మోకాలు పూర్తిగా చాచడం కోసమే. ఇది ఎవరికీ ఆసక్తిగా ఉండదు, అందరూ వంచడం గురించే అడుగుతారు. చివరి ఐదు డిగ్రీలు చాపలేకపోతే కుంటు పోదు, తొడ మేల్కోదు. ఈవిడకి ఆ ఐదు డిగ్రీలు రెండు వారాలుగా కదలడం లేదు. ఇంట్లో వీడియో తియ్యమంటే తెలిసింది: అమ్మగారు రోజూ రాత్రి మోకాలి కింద మెత్తటి దిండు పెట్టి, దుప్పటి కప్పి పడుకోబెడుతున్నారు. అలా వంచి ఉంచితే హాయిగా ఉంటుంది, అందుకే మోకాలు అక్కడే బిగుసుకుంటుంది. దిండు తీసి మడమ కింద చుట్టిన టవల్ పెట్టించాను, మోకాలు గాల్లో వేలాడేలా. పది నిమిషాలు, రోజుకి ఐదారుసార్లు. అమ్మగారికి అది చూడటమే బాధ. వారంన్నరలో కాలు నిటారుగా చాచుకుంది.

తొడ మేల్కొలపడానికి కరెంట్ స్టిమ్యులేషన్, దానితోపాటే పేషెంటు కూడా బిగించడం. ఆ తర్వాత లెగ్ ప్రెస్, మెట్టు మీంచి ఒంటికాలితో దిగడం, తొడ వెనక కండరానికి బరువులు. ఏసీఎల్ లేని మోకాలికి వెనక కండరం కీలకం, పిక్క ఎముక ముందుకు జారకుండా పట్టి ఉంచేది అదే. ఆఫీసులో కూడా పని ఇచ్చాను. ప్రతి మీటింగ్ ముందూ కుర్చీలోంచి చేతులు పట్టకుండా లేచి కూర్చోవడం, మొదట రెండు కాళ్ళతో, తర్వాత ఒంటికాలితో. ఆవిడ టీమ్‌లో ఇద్దరు కూడా మొదలుపెట్టారట. ఊగే పలక మీద నిలబెట్టి, నేను చెప్పకుండా పలకను కదిపేదాన్ని. మెదడు చూసి ఆలోచించేలోపు కండరమే సర్దుకోవాలి, సాధనంతా దానికే.

ఎనిమిదో వారంలో తొడ బలం కొలిస్తే రెండో కాలితో పోలిస్తే 64 శాతం. పన్నెండో వారానికి 79. వాపు పోయింది కాబట్టి అప్పుడు అసలు పరీక్ష పెట్టాం. ఆపరేషన్ లేకుండా నెగ్గుకురాగలవాళ్ళని ఏరడానికి అమెరికాలోని డెలావేర్ పరిశోధకుల కొలమానం ఒకటుంది: ఒంటికాలితో ఆరు మీటర్లు గెంతే సమయంలో రెండో కాలికి కనీసం 80 శాతం, రోజువారీ పనుల ప్రశ్నావళిలో 80, తన మోకాలికి తానే ఇచ్చుకునే మార్కులు 60, దెబ్బ తర్వాత మోకాలు పట్టు తప్పడం ఒకసారికి మించకూడదు. ఈవిడకి వరుసగా 86, 89, 70. పట్టు తప్పడం ఒక్కసారి కూడా లేదు. సర్జన్ కూడా చూసి ఆపరేషన్ వాయిదా అన్నారు. రద్దు అనలేదు, ఆ తేడా పేషెంటుకి స్పష్టంగా చెప్పాం.

ఐదో నెలలో రాజమండ్రిలో చెల్లెలి పెళ్ళి. పీటల మీద, కింద చాప మీద గంటలకొద్దీ కూర్చోవడం, సంగీత్‌లో డ్యాన్సు. మోకాలు నీరు పట్టింది. పట్టు తప్పలేదు. పదిరోజులు బరువులు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాం. ఇలాంటిది ప్రతి కేసులో ఒకటి జరుగుతుంది, దాన్ని పెద్ద విషయం చెయ్యను.

ఎనిమిదో నెలలో తిరుమల. అలిపిరి దారిలో 3,550 మెట్లు. దానికోసం ఆరు వారాలు అపార్ట్‌మెంట్ మెట్లే జిమ్, ఎక్కడం కాళ్ళతో, దిగడం లిఫ్టులో. దిగేటప్పుడే మోకాలి చిప్ప మీద భారం ఎక్కువ. కొండ మీంచి కూడా బస్సులోనే దిగమన్నాను. వెళ్ళే ముందు ఫోన్ చేసి, "మోకాళ్ళ పర్వతం దగ్గర అమ్మ మోకాళ్ళతో ఎక్కమంటోంది, ఎక్కొచ్చా మేడమ్" అని అడిగారు. అక్కడ మాత్రం నడిచే ఎక్కమని చెప్పాను. మర్నాడు పిక్కలు నొప్పులు, మోకాలిలో వాపు లేదు.

మళ్ళీ మంచులోకి

పదో నెలలో బ్యాచ్ మళ్ళీ టికెట్లు బుక్ చేసింది. ఈసారి ఆవిడే అడిగారు, స్కీ చెయ్యొచ్చా అని. నా మొదటి జవాబు వద్దనే. ఏసీఎల్ లేని మోకాలితో స్కీయింగ్ రిస్కు, ఇందులో దాపరికం అక్కర్లేదు. 2003లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ఏసీఎల్ లేని 180 మంది వృత్తి స్కీయర్లని చూసింది. బ్రేస్ వేసుకోనివాళ్ళకి మళ్ళీ మోకాలి దెబ్బ తగలడం ఆరు రెట్లకు పైగా ఎక్కువ. వాళ్ళు ఆరితేరినవాళ్ళు, ఈవిడ కొత్త, కాబట్టి ఆ లెక్క సూటిగా అతకదు. ఆవిడ విన్నారు, భర్త టెన్షన్ పడ్డారు, చివరికి ఆవిడే నిర్ణయించుకున్నారు: కొలతలు తీసి చేయించిన ఫంక్షనల్ బ్రేస్, చిన్న వాలు మాత్రమే, ఇన్‌స్ట్రక్టర్ పక్కనే, పొద్దున రెండు గంటలు. నేను ఒప్పుకున్నాను, ఒక షరతుతో: వెళ్ళేలోపు తొడ బలం 90 శాతం దాటాలి. 93 వచ్చింది.

బ్యాచ్‌లో మిగతావాళ్ళని కూడా రమ్మన్నాను, ముగ్గురే వచ్చారు. ఆఫీసు కుర్చీ ఎత్తున్న బల్ల మీంచి ఒంటికాలితో పదిసార్లు లేవమన్నాను. ముగ్గురిలో ఒక్కరే లేవగలిగారు. మిగతా ఇద్దరికీ ఎనిమిది వారాల పని ఇచ్చాను, ఒకరు చేశారు. అద్దె దుకాణంలో అడగకపోయినా బరువు, ఎత్తు, వయసు చెప్పమని, అనుభవం అడిగితే గొప్పకి పోకుండా "కొత్త" అనమని, సూచిక ఎక్కడుందో ఫోటో తీసి పంపమని చెప్పాను. ఒక రాత్రి శ్రీనగర్‌లో ఆగి మర్నాడు పైకి వెళ్ళమన్నాను, తలనొప్పి లేకుండా నిద్రపట్టడానికి.

తిరిగొచ్చిన వారానికి రివ్యూకి వచ్చారు. వాపు లేదు, రెండు వైపులా కదలిక పూర్తిగా ఉంది, లాక్‌మన్ మాత్రం మొదట్లో లాగే మెత్తగా ఉంది, అది మారదు. మూడు పొద్దుటలు స్కీ చేశారట, కొంగ్‌డోరీకి గొండోలాలో ఎక్కి గొండోలాలోనే దిగారట. ఆరు నెలలకోసారి బలం పరీక్ష, ఏడాదికోసారి సర్జన్ దగ్గర చూపించుకోవడం కొనసాగుతుంది. మోకాలు ఒక్కసారి పట్టు తప్పినా ఆపరేషన్ మాట మళ్ళీ తీస్తాం.

ఈసారి క్లినిక్‌లో పేరు రాయించుకున్నది భర్త. మంచు మీద పడుతూ చేతిలో పోల్ (స్కీ కర్ర) వదల్లేదు, బొటనవేలు వెనక్కి విరుచుకుంది, వేలి మొదలు దగ్గర లోపలి వైపు లిగమెంట్ సాగింది. స్కీయర్లలో ఇది ఎంత మామూలంటే దీని పేరే "స్కీయర్స్ థంబ్". పూర్తిగా తెగలేదు కాబట్టి హ్యాండ్ సర్జన్ స్ప్లింట్ వేశారు. అది తీశాక వేలి వ్యాయామాలు మా దగ్గరే మొదలవుతాయి.